మన నోటి మాటల చరిత్ర



ఈ సంచికలో ఈ ఏడాది పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలన్నీ ఉన్నాయి. వాటితో పాటు ఇంకొక లెక్క కూడా రాసుకోవాలని కార్యవర్గంలో అనుకున్నాం. అది మాటల లెక్క. మన గురించి ఇంతకు ముందు వాళ్ళు ఏ మాటలు వాడారు, మన గురించి మనం ఏ మాటలు వాడుకున్నాం, ఆ మాటలు మారినప్పుడు మన బతుకులో ఏం మారింది అన్నది చెప్పాలి. నేను పదో తరగతి వరకే చదువుకున్నాను కాబట్టి పండితులు రాసినట్టు రాయలేను. తెలిసిన విషయాలు వరసగా చెపుతాను.

ఎందుకు రాయాలి అంటే, ఇప్పటికీ మన మీటింగుల్లో ఎక్కువగా వినపడే మాటలు ఇవి: "మనకేం తెలుసు", "ఆడోళ్ళం మనం ఏం చేస్తాం", "నేను ఉత్తగా ఇంట్లోనే ఉంటాను", "మా ఆయన్ని అడిగి చెప్తాను". పాతికేళ్ళు పుస్తకాలు నడిపిన సంఘాల్లో కూడా ఈ మాటలు పోలేదు. మాటే కదా, నోటికి వచ్చింది అంటాం అని వదిలేస్తాం. కానీ రోజూ అనే మాట మనసులో కూర్చుంటుంది. కొన్నాళ్ళకు అది మాటలా ఉండదు, నిజంలా ఉంటుంది. చరిత్ర చూస్తే ఇది తెలుస్తుంది.

అబల అనే మాట

పాత పుస్తకాల్లో ఆడదానికి ఒక పేరు అబల. బలం లేనిది అని అర్థం. నీళ్ళ బిందె నెత్తిన, ఇంకోటి చంకన పెట్టుకుని మైలు దూరం నడిచే మనిషికి, నాట్ల కాలంలో పొద్దుట్నించి సాయంత్రం దాకా బురదలో వంగి ఉండే మనిషికి బలం లేనిది అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు ఎవరో గానీ నాట్లు వేసినవాళ్ళు మాత్రం కాదు.

ఈ మాటను పట్టుకుని గట్టిగా జవాబు చెప్పిన తెలుగు ఆడమనిషి భండారు అచ్చమాంబ గారు. 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. బడికి పోలేదు. చిన్నతనంలోనే పెళ్ళి అయింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఈమెకు తమ్ముడు. ఆయన అక్క ఇంట్లో ఉండి చదువుకుంటుంటే, ఆయనతో పాటు ఆమె కూడా చదువు నేర్చుకున్నారు. తర్వాత ఆమె దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలన్నీ వెతికి, రాసి, 1901లో పుస్తకం వేశారు. దాని పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. ఆడవాళ్ళు బలం లేనివాళ్ళు, తెలివి లేనివాళ్ళు, చదువు చెప్తే చెడిపోతారు అనే మాటలు తప్పని చూపించడానికే ఆ పుస్తకం రాశారు. పేరులో అబల అని పెట్టి, లోపల రాజ్యాలు ఏలినవాళ్ళ చరిత్ర, యుద్ధాలు చేసినవాళ్ళ చరిత్ర, చదువుకున్నవాళ్ళ చరిత్ర చెప్పారు. చదివినవాళ్ళకు ఆ పేరు మీదే అనుమానం వస్తుంది.

ఆమె రాసి ఊరుకోలేదు. 1902లో మచిలీపట్నంలో ఇంకొకరితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఆడవాళ్ళు ఒకచోట కూచుని మాట్లాడుకునే సంఘాలు మన తెలుగు నేల మీద అట్లా మొదలైన రోజులు అవి. 1905లో, ముప్పై ఏళ్ళ వయసుకే ఆమె పోయారు. మనం నెలకు రెండు మీటింగులు పెట్టుకుంటున్నాం అంటే ఆ దారి వేసినవాళ్ళలో ఆమె ఒకరు. ఆమె పేరు మన సంఘాల్లో చాలామందికి తెలియదు కాబట్టే ముందు ఇక్కడ రాస్తున్నాను.

సొంత పేరు

స్వతంత్రం వచ్చాక మొదటి ఎన్నికలు 1951-52లో జరిగాయి. మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళకూ ఓటు ఇచ్చారు. చాలా దేశాల్లో ఆడవాళ్ళు ఓటు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడితే, మనకు రాజ్యాంగంతో పాటే వచ్చింది. కానీ ఓటర్ల జాబితా రాసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. రాసేవాళ్ళు ఇంటికి పోయి పేరు అడిగితే, చాలామంది ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానా అబ్బాయి తల్లిని అని చెప్పారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారు, సొంత పేరు లేకుండా జాబితాలో రాయడానికి ఒప్పుకోలేదు. చివరికి సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ ఓట్లు జాబితా నుంచి తీసెయ్యాల్సి వచ్చింది. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు.

చట్టం ఓటు ఇచ్చింది. దాన్ని తీసుకోవడానికి కావలసింది ఒక్క మాట, తన పేరు. ఆ ఒక్క మాట నోటికి రాక 28 లక్షల ఓట్లు పోయాయి. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. పరాయి మనిషి ముందు పేరు చెప్పకూడదని పుట్టినప్పటి నుంచి నేర్పితే ఒక్క రోజులో ఎట్లా వస్తుంది?

ఇది ఉత్తరాది సంగతి కదా అనుకోవద్దు. మన ఊళ్ళలో మాత్రం పెళ్ళయిన పిల్లను పేరు పెట్టి ఎంతమంది పిలుస్తారు? "రెడ్డోరి కోడలు", "టైలరు భార్య", "పెద్దోడి అమ్మ" అంటాం. అందుకే సంఘం మొదటి మీటింగులో అందరూ లేచి తమ పేరు తాము చెప్పుకోవాలి అని పెట్టారు. కొత్త సభ్యులు దీనికి నవ్వుతారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. రెండు మూడు మీటింగులు పోయాక గొంతు లేస్తుంది. పేరు చెప్పడం వచ్చిన మనిషికి తర్వాత అప్పు అడగడం వస్తుంది, ఆ తర్వాత లెక్క అడగడం వస్తుంది.

1993 ఏప్రిల్ 24న పంచాయతీల్లో ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లు ఇచ్చే 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. తర్వాత మన రాష్ట్రంలో అది సగం అయింది. అయినా కొన్ని ఊళ్ళలో సర్పంచ్ గారు అంటే ఇప్పటికీ ఆమె భర్తే. ఎన్నికైనది ఆమె, పిలుపు ఆయనకు. మనం కూడా ఆయన్నే సర్పంచ్ గారు అని పిలిస్తే, ఆమె కుర్చీని మన నోటితోనే ఆయనకు ఇచ్చినట్టు.

ఖర్మ అనే మాట, సారా అనే మాట

మన జిల్లాల వాళ్ళకు బాగా తెలిసిన చరిత్ర ఇది. అయినా కొత్తగా చేరిన పిల్లలకు తెలియదు, అందుకని చెపుతాను.

1980లలో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు సరఫరా చేసింది. ఆ పథకానికి పెట్టిన పేరు వారుణి వాహిని. ఎంత అందంగా ఉందో చూడండి. వింటే ఏదో నది పేరు అనుకుంటాం. ఇంటికి వచ్చింది మాత్రం కూలి డబ్బులు లేని మగమనిషి, తన్నులు, ఆకలి. దానికి ఆడవాళ్ళు ఇంట్లో పెట్టుకున్న పేరు వేరే: "నా ఖర్మ", "నా రాత", "మా ఆయనకు అలవాటు". ఎవరి ఖర్మ వాళ్ళది. పక్కింట్లో కూడా ఇదే జరుగుతున్నా ఆ మాట మాత్రం ఎవరికి వాళ్ళదే. ఖర్మ అనుకున్నంత కాలం చేయడానికి ఏమీ ఉండదు. ఏడవడం ఒక్కటే పని.

1990లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. రాత్రి పూట, పనులు అయ్యాక, లాంతరు వెలుతురులో ఆడవాళ్ళు పలక పట్టారు. అప్పటిదాకా వాళ్ళను వేలిముద్రవాళ్ళు, నిశానీవాళ్ళు అనేవారు. మనిషికి వేలిముద్ర ఇంటిపేరు లాగా అయిపోయింది. ఆ బడుల్లో వాళ్ళకు అ, ఆ ఒకటే కాకుండా, తమ బతుకులో ఉన్న సంగతులే పాఠాలుగా వచ్చాయి. సీతమ్మ కథ అని ఒక పాఠం, 'ఆడవాళ్ళు ఏకమైతే' అని ఒక పాఠం. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారాను ఎట్లా ఆపించారో ఆ పాఠంలో ఉంది. అక్షరాలు కూడబలుక్కుని చదివినవాళ్ళకు అది కథలాగా అనిపించలేదు. మన లాంటి వాళ్ళే చేశారు, మనమూ చేయొచ్చు అనిపించింది.

ఇక్కడ మారిన మాట గమనించండి. నా ఖర్మ అనే మాట పోయి సారా దుకాణం అనే మాట వచ్చింది. ఖర్మకు అడ్రసు లేదు. సారా దుకాణానికి ఉంది. దానికి కాంట్రాక్టరు ఉన్నాడు, లైసెన్సు ఉంది, వేలంపాట తేదీ ఉంది. అడ్రసు ఉన్న దాని దగ్గరికి పోయి నిలబడవచ్చు. 1992లో నెల్లూరు ఆడవాళ్ళు అదే చేశారు. దుకాణాల ముందు కూచున్నారు, సారా వేలంపాటలు జరగనీయలేదు. దూబగుంట రోశమ్మ గారి పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు అన్నది కూడా రాయాలి, లేకపోతే చరిత్ర సగమే అవుతుంది. మద్యం మళ్ళీ వచ్చింది. కానీ ఆడవాళ్ళు కలిస్తే ప్రభుత్వం వినాల్సి వస్తుంది అని ఒకసారి చూసిన కళ్ళు మళ్ళీ మూసుకోలేదు. మన సంఘాలు ఇంత బలంగా రావడానికి ఆ ఉద్యమం ఒక పెద్ద కారణం.

దాచుకోవడం నుంచి పొదుపు దాకా

సారా ఆగినప్పుడు ఇంట్లో మిగిలిన డబ్బు ఏం చేయాలి? నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి అని మొదలైంది. రోజుకు ఒక రూపాయి, నెలకు ముప్పై.

అంతకు ముందు మన అమ్మలు డబ్బు మిగల్చలేదా? మిగిల్చారు. పోపుల డబ్బాలో, బియ్యం కుండలో, చీర మడతల్లో పెట్టారు. దాన్ని దాచుకోవడం అన్నారు. ఈ మాటకు తెలుగులో రెండు అర్థాలు ఉన్నాయి. ముందు జాగ్రత్తగా పక్కన పెట్టడం ఒకటి, కంట పడకుండా చేయడం ఇంకొకటి. ఆడవాళ్ళ విషయంలో ఈ రెండూ ఒకటే పని. తన కష్టార్జితాన్నే దొంగసొత్తు లాగా దాచుకోవాల్సి వచ్చింది. కనపడితే పోతుంది. దొరికితే, నాకు తెలియకుండా ఎక్కడిది అని అడుగుతారు.

పొదుపు అనే మాట దాన్ని వెలుగులోకి తెచ్చింది. పాసు పుస్తకం ఉంది, అందులో పేరు ఉంది, తేదీ ఉంది, పది మంది ముందు లెక్కపెట్టి ఇచ్చిన డబ్బు ఉంది. అదే రూపాయి, అదే మనిషి. బియ్యం కుండలో ఉన్నప్పుడు భయంగా ఉంది, పుస్తకంలో రాశాక గర్వంగా ఉంది. నేను పొదుపు చేస్తున్నాను అని భర్త ముందు గట్టిగా చెప్పగలిగారు.

లబ్ధిదారు, సభ్యురాలు

డ్వాక్రా అనే మాట మన ఇంటి మాట అయిపోయింది. ఇది ఇంగ్లీషులో ఒక పథకం పేరులోని మొదటి అక్షరాలు కలిపిన మాట. గ్రామీణ ప్రాంతాల్లో మహిళల, పిల్లల అభివృద్ధి అని దాని అర్థం. 1982-83లో దేశంలో 50 జిల్లాల్లో మొదలుపెట్టారు. 1999 ఏప్రిల్‌లో దాన్ని వేరే పథకంలో కలిపేశారు. అంటే డ్వాక్రా పథకం పోయి పాతికేళ్ళు దాటింది. అయినా ఈ రోజుకీ ఊళ్ళో డ్వాక్రా మీటింగు, డ్వాక్రా డబ్బులు, డ్వాక్రా ఆడోళ్ళు అనే అంటారు. ప్రభుత్వాలు ఎన్ని పేర్లు మార్చినా, జనం తమది అనుకున్న మాటను వదలరు అనడానికి ఇదే రుజువు.

అయితే ఆ రోజుల్లో కాగితాల మీద మన పేరు లబ్ధిదారు. లబ్ధి అంటే దొరికింది. ఎవరో ఇస్తే తీసుకున్నవాళ్ళు అని. లబ్ధిదారు ఏం చేయాలి? ఆఫీసు దగ్గర నిలబడాలి, సంతకమో వేలిముద్రో పెట్టాలి, సార్ ఇచ్చింది తీసుకోవాలి. లబ్ధిదారు లెక్క అడగదు. తనది కాని దానికి లెక్క ఎట్లా అడుగుతుంది?

1992లో నాబార్డు ముందు 500 సంఘాలతో మొదలుపెట్టి, స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పని చేసింది. పొలం కాగితాలు, బంగారం తాకట్టు లేకుండా సంఘానికి అప్పు ఇవ్వడం ఇందులో ముఖ్యమైన సంగతి. మరి దేన్ని చూసి ఇస్తారు? సంఘం పుస్తకాలు చూసి ఇస్తారు. క్రమం తప్పని మీటింగులు, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, తిరిగి కట్టడం, సరైన పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలు మనకు తాకట్టు లాంటివి. ఇక్కడే స్వయం సహాయం అనే మాట, సభ్యురాలు అనే మాట వచ్చాయి. సభ్యురాలు అంటే సభలో కూచునే హక్కు ఉన్న మనిషి. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మన సమాఖ్యలు ఆ చట్టం కింద రిజిస్టరు అయ్యాయి. 2000లో సెర్ప్ ఏర్పడి వెలుగు మొదలయ్యాక గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు ఊరూరా వచ్చాయి. ఒకరికొకరు సాయం అని చట్టం పేరులోనే ఉంది. ఒకరు ఇచ్చేది, ఇంకొకరు చెయ్యి చాపేది అని లేదు.

ఈ తేడా మన సభ్యులకు ఎంత తెలుసు అన్నది ఒక్క మాటతో పట్టుకోవచ్చు. లోపలి అప్పు గురించి మాట్లాడేటప్పుడు, వెలుగోళ్ళు ఇచ్చారు, బ్యాంకోళ్ళు ఇచ్చారు అంటే ఆమె ఇంకా లబ్ధిదారే. సంఘంలో తీసుకున్నాను, మన డబ్బే అంటే ఆమె సభ్యురాలు. మొదటి ఆమెకు కట్టడం ఆలస్యమైతే సార్‌కు భయపడుతుంది. రెండో ఆమె తోటి సభ్యులకు జవాబు చెప్పుకుంటుంది. లెక్కలో తేడా వస్తే మొదటి ఆమె నోరు ఎత్తదు. రెండో ఆమె పుస్తకం తీయమంటుంది.

మన ఉమ్మడి రాష్ట్రం నుంచి సీఆర్పీలుగా అక్కచెల్లెళ్ళు బీహారు వంటి రాష్ట్రాలకు పోయారు. అక్కడి జీవిక సంఘాలు పెట్టడానికి, నడపడానికి నెలల తరబడి ఊళ్ళలో ఉండి సాయం చేశారు. భాష రాదు, తిండి వేరు. అక్కడ సంఘం ఆడవాళ్ళను దీదీ అంటారు, అంటే అక్క. ఒకప్పుడు కాగితం మీద లబ్ధిదారు అయిన మనిషే ఇంకో రాష్ట్రంలో నేర్పే మనిషి అయింది. ఆమె నేర్పింది ఏ కాలేజీలోనో చదివింది కాదు, తన సంఘంలో తను చేసిందే.

నేను పని చేయను

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట దగ్గరికి వస్తున్నాను. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే, ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటాను అంటాం. ఇది మన నోట్లోనే కాదు, ప్రభుత్వ లెక్కల్లో కూడా ఉంది. జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే ఆడవాళ్ళను పని చేయనివాళ్ళ కింద రాస్తారు. 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పు పట్టింది. ఇల్లు నడిపే ఆడవాళ్ళను బిచ్చగాళ్ళు, ఖైదీలు ఉండే వరసలో పెట్టి లెక్క రాయడం అవమానం అని చెప్పింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆడవాళ్ళ గురించి వాడకూడని మాటలు, వాటి బదులు వాడవలసిన మాటలు చెప్పే చేతిపుస్తకం ఒకటి విడుదల చేసింది. దేశంలో పెద్ద కోర్టే మాటల మీద పుస్తకం వేసిందంటే మాట చిన్న సంగతి కాదని తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ పనికి ఎంత సేపు పెడుతున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. 299 నిమిషాలంటే ఇంచుమించు ఐదు గంటలు. రోజుకు ఐదు గంటలు చేసేదానికి "ఏమీ లేదు" అని పేరు. అది కాక గేదెలు, మేత, పాలు పోయడం, కూలికి పోవడం వేరే.

నష్టం ఎక్కడంటే, ఎంసీపీ రాసేటప్పుడు. వృత్తి అనే చోట గృహిణి అని రాయిస్తాం. రెండు గేదెలు మేపి, పాలు పితికి, కేంద్రానికి పోసి, డబ్బు లెక్క చూసుకునే మనిషి పాడి రైతు. గృహిణి అని రాస్తే ఆమె గేదెల లోను ఆమె పేరున అడగడానికి ఆధారం ఉండదు. ఆమెకే అడగాలని తోచదు. కుటుంబం అవసరాలు అని ఏదో చిన్న మొత్తం రాసి వదిలేస్తాం.

ఆడపిల్ల, రైతు

మన వైపు ఒక మాట ఉంది. ఆడపిల్ల అంటే ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల అని. ఇక్కడి మనిషి కాదు, అక్కడికి పోయే మనిషి అని. మాట విరిచి చెప్పే సరదా మాట ఇది, అసలు అర్థం అది కాదు. కానీ ఈ సరదా మాట మీదే ఎన్నో ఆస్తి పంపకాలు జరిగాయి. పుట్టింట్లో పోయే పిల్ల, అత్తింట్లో వచ్చిన పిల్ల. ఎక్కడా తన నేల అని లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేట్టు హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చారు. దేశం మొత్తానికి ఆ హక్కు వచ్చింది 2005లో. అంటే మనకు ఇరవై ఏళ్ళ ముందే వచ్చింది. అయినా భాగం అడిగిన పిల్లను అన్నదమ్ముల మీదికి వచ్చింది అంటారు. హక్కు అనాల్సిన చోట అత్యాశ అంటున్నాం. ఆ మాటకు భయపడే చాలామంది సంతకం పెట్టి ఇచ్చేస్తున్నారు.

పొలం కాగితం మీద పేరు లేకపోతే రైతు కాదు, కూలి. లేకపోతే రైతు భార్య. విత్తనం దాచేది ఆమె, కలుపు తీసేది ఆమె, కోసేది ఆమె. 2007లో వచ్చిన జాతీయ రైతు విధానం రైతు అనే మాటకు అర్థం పెద్దది చేసింది. సొంత భూమి ఉన్నవాళ్ళే కాకుండా కౌలుదార్లు, వ్యవసాయ కూలీలు, పశువులు పెంచేవాళ్ళు కూడా రైతులే అని రాసింది. కాగితం మీద ఉంది గానీ ఊళ్ళోకి రాలేదు. మనం అనడం మొదలుపెడితే వస్తుంది.

ఇంకో మాట చెప్పాలి. మా మాట మోటు, మీటింగులో మాట్లాడలేం అనేవాళ్ళు మనలో ఉన్నారు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబర్ 15 నుంచి సంగం రేడియో నడుస్తోంది. నడిపేది దళిత ఆడవాళ్ళు. వాళ్ళ ఊరి యాసలోనే చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి చెపుతారు. ఆ ప్రాంతపు సంగాల ఆడవాళ్ళ విత్తన పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మోటు అనుకున్న మాటలోనే జ్ఞానం ఉంది.

పేరు ఒక్కటే చాలదు

ఇంతా చెప్పి, మాట మారిస్తే అన్నీ మారతాయి అని చెప్పడం లేదు. వారుణి వాహిని మంచి పేరే, ఏం ఒరిగింది? ఇప్పుడు లఖ్‌పతి దీదీ అని ఒక పేరు వచ్చింది. కుటుంబానికి ఏడాదికి లక్ష రూపాయలు, అంతకంటే ఎక్కువ ఆదాయం వచ్చే సంఘ సభ్యురాలు అని దాని అర్థం. మంచి లక్ష్యం. కానీ ఆమె ఆదాయం నెలనెలా రాసి, ఖర్చులు తీసి, కూర్చి చూస్తేనే ఆ పేరుకు విలువ. లెక్క లేకుండా యాప్‌లో పేరు ఎక్కిస్తే ఆమెకే తన మీద అనుమానం వస్తుంది. నా చేతిలో ఏమీ లేదే, నన్ను లక్షాధికారి అంటున్నారే అనుకుంటుంది. తిట్టు నమ్మకాన్ని చంపుతుంది. ఉత్త పొగడ్త కూడా చంపుతుంది.

పైన చెప్పిన చరిత్ర అంతా చూడండి. మాట మారిన ప్రతిచోటా దాని వెనక ఒక పని ఉంది. వేలిముద్ర పోవడం వెనక రాత్రి బడి ఉంది. పొదుపు వెనక రోజుకో రూపాయి ఉంది. సభ్యురాలు వెనక పంచసూత్రాలు ఉన్నాయి. పని లేని మాట నిలబడదు. అట్లాగే సరైన మాట లేని పని కూడా కనపడదు, ఇంటి చాకిరీ కనపడనట్టు.

వచ్చే ఏడాదికి ప్రతిపాదనలు

మహాసభ ముందు ఈ నాలుగు విషయాలు పెడుతున్నాను. చర్చించి, ఒప్పుకుంటే తీర్మానం చేయాలని కోరుతున్నాను.

ఒకటి. అన్ని రిజిస్టర్లలో సభ్యురాలి సొంత పేరు ముందు, పెద్దగా రాయాలి. భర్త పేరో తండ్రి పేరో బ్యాంకుకు అవసరమైన చోట మాత్రమే రాయాలి. మీటింగులో కూడా పేరుతో, పేరుకు అక్క అనో అమ్మ అనో చేర్చి పిలుచుకోవాలి.

రెండు. ఎంసీపీలో వృత్తి రాసేటప్పుడు గృహిణి అని నేరుగా రాయకూడదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావు అని వీఓఏ అడగాలి. పాడి రైతు, కౌలు రైతు, కుట్టుపని, కూరగాయల వ్యాపారం, ఏది నిజమైతే అది రాయాలి. ఇల్లు నడపడమే పనైతే అదీ పని కిందే రాయాలి, ఏమీ లేదు అని రాయకూడదు.

మూడు. తీర్మానాల పుస్తకంలో మనం అలవాటుగా "సభ్యులకు తెలియజేయడమైనది" అని రాస్తున్నాం. ఇది ఆఫీసు భాష. ఎవరు చెప్పారు, ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నది ఇందులో కనపడదు. ఫలానా సభ్యురాలు అడిగింది, ఫలానా వాళ్ళు వద్దన్నారు, ఇంతమంది కలిసి నిర్ణయించాం అని రాయాలి. రేపు మన పిల్లలు ఆ పుస్తకం తీస్తే మన అమ్మ ఇక్కడ మాట్లాడింది అని తెలియాలి.

నాలుగు. ఎవరినీ లఖ్‌పతి దీదీ అని రాసేముందు ఏడాది ఆదాయం, ఖర్చు లెక్క ఆమె చేతే చెప్పించి, ఆమె ముందే రాసి, ఆమెకు చదివి వినిపించాలి.

వీటికి డబ్బు ఖర్చు లేదు. కొత్త పుస్తకాలు కూడా అక్కర్లేదు, ఉన్న పుస్తకాల్లోనే రాయవచ్చు. కావలసింది వీఓఏలకు ఒక రోజు శిక్షణ, ఓబీలు నెలకోసారి చూసే అలవాటు. రెండో ప్రతిపాదన మాత్రం ఆలస్యం చేయడానికి లేదు, ఎందుకంటే కొత్త ఎంసీపీలు రాసే కాలం దగ్గర పడింది. గ్రామ సంఘాలు మహాసభకు వచ్చే లోపు తమ మీటింగుల్లో చర్చించి, అభిప్రాయం రాసి తేవాలని మనవి.